లాటిన్ పేట బండిరాయి స్వామి

పారిస్ మహానగరం నడుమ సేన్ నది పారుతుంది. ఆ నదికి ఎడమ గట్టున విద్యాలయాలూ, పాత పుస్తకాల కొట్లూ, కాఫీ హోటళ్ళూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డ కొండవాలును లాటిన్ క్వార్టర్ అంటారు. అక్కడ చదువుకునే మనవాళ్ళు ముద్దుగా లాటిన్ పేట అంటారు. ఆ పేటలో, ఒక వంకర సందులో, ఏడో నంబరు ఇంటి కమాను పక్కన, వీధిలోంచి చూసేవారికి ఎడమచేతి వైపున శ్రీ బండిరాయి స్వామివారు వెలసి ఉన్నారు.

క్షేత్రానికి చేరడం తేలికే గాని కనిపెట్టడం కష్టం. సాన్ మిషెల్ స్టేషనులో దిగి, నదికి వీపు పెట్టి, కొండ ఎక్కాలి. దారి అడుగుదామంటే స్వామి పేరు అక్కడివాళ్ళకు తెలియదు, సందు పేరు మనకు నోరు తిరగదు. ఈ చిన్నపుస్తకం కూర్చినవాడు మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు గంటలు తిరిగి, చివరికి వేరే వీధిలో అగ్నిమాపక దళంవారి నీళ్ళ గొట్టానికి భక్తిగా ప్రదక్షిణ చేసి, ఫోటో తీయించుకుని మరీ ఇంటికొచ్చాడు. కాబట్టి భక్తులు గుర్తులు జాగ్రత్తగా చదువుకోవాలి. ఆకుపచ్చ రంగు వేసిన రెండు రెక్కల పెద్ద తలుపు. దాని మీద రాతి కమాను. కమాను మొదట్లో గోడకు ఆనుకుని, మోకాలికి పైన, నడుముకు కింద నిలబడే గుండ్రటి రాయి. రాయి మీద నాలుగు అడ్డగీతలు. గీతలు మూడే ఉంటే అది మన స్వామి కాదు, ముందుకు సాగిపోవచ్చు.

ఇక్కడ పూజారి లేడు, హుండీ లేదు, ప్రసాదం లేదు. స్వామివారు వీధిలోనే ఉండటంచేత దర్శనవేళల బోర్డు కూడా లేదు.

పూర్వం ఇక్కడ చదువుకునేవాళ్ళంతా తరగతిలోనూ బయటా లాటిన్‌లోనే మాట్లాడుకునేవారట. పేటకు ఆ పేరు అలా వచ్చింది. పండితులు నడిచి వెళ్ళే సందుల్లోనే గుర్రబ్బళ్ళూ వెళ్ళేవి. పండితుడికి రొట్టె కావాలి, కట్టె కావాలి, కాగితం కావాలి. అవన్నీ బండి మీద రావలసిందే. ఇళ్ళ వెనక పెరళ్ళలోకి వెళ్ళాలంటే బండి ఇరుకైన కమాను కిందనుంచి దూరాలి. చక్రం ఏ కొంచెం పక్కకు ఒరిగినా ఇరుసు కొన గోడను పొడుస్తుంది. అందుకని కమాను మొదట్లో ఒక బలమైన రాయిని పాతేవారు. దారి తప్పిన చక్రం ఆ రాయికి తగిలి, జారి, మళ్ళీ దారిలో పడుతుంది. దెబ్బ రాయిది, క్షేమం గోడది. ఆ రాయినే బండిరాయి అంటారు. ఏడో నంబరు ఇంటికి అలాంటివి రెండు ఉండేవి. కుడివైపుది ఏ కాలంలోనో విరిగిపోయింది. ఎడమవైపుది ఒంటరిగా మూడువందల ఏళ్ళు కమానును కాచింది.

మొదటి పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో పంపన గవరయ్య అనే తెలుగువాడు ఈ సందుకు వచ్చాడు. అతనిది యానాం. గోదావరి ఒడ్డున ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో అతను ఎద్దుబండి తోలేవాడు. యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి ఫ్రాన్సుకు వచ్చి, ఇక్కడ కూడా ఫిరంగి సామాన్ల బండే తోలాడు. యుద్ధం అయిపోయాక ఇంటికి వెళ్ళే ఓడ ఎక్కకుండా ఉండిపోయాడు. కారణం ఎవరడిగినా, "ఓడకి పగ్గాలుండవండి ఆయ్, నాకు భయం" అనేవాడు.

ఏడో నంబరు పెరట్లో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే కార్ఖానా ఉండేది. దాని యజమాని మొస్యూ దెలోర్మ్. ఊళ్ళోని అచ్చాఫీసుల నుంచి అచ్చయిన కాగితాల కట్టలు పెరట్లోకి తేవడం, కుట్టిన పుస్తకాలు బయటికి తీసుకుపోవడం గవరయ్య పని. బండికి కట్టేది కొకోత్ అనే గుర్రం. ఆ మాటకు ఫ్రెంచిలో కోడిపెట్ట అని అర్థం. ఆ కోడిపెట్ట మూడు దుక్కిటెద్దుల బరువుండేది. గవరయ్య పెరట్లోని గుర్రపుసాలకు పైన ఉన్న అటక మీద పడుకునేవాడు. చలికాలంలో కొకోత్ ఒంటి వెచ్చదనం పలకల సందుల్లోంచి పైకి వచ్చేది. పొద్దున్నే అది కాలితో నేల తన్నితే అతను లేచేవాడు. ఆ నగరంలో అతనికి ఇల్లన్నా చుట్టమన్నా అదే.

మూడేళ్ళు రోజుకు ఆరేసి సార్లు అతను ఆ కమాను కిందనుంచి బండి తోలాడు. తోలినప్పుడల్లా ఎడమ చక్రాన్ని బండిరాయికి ఒకసారి ఆనించి లోపలికి జార్చేవాడు. బండివాళ్ళందరూ చేసే పనే అది. దానికోసమే పాతిన రాయి కాబట్టి అందులో ఆలోచించడానికేమీ లేదు. ఒక మాఘమాసం చివర మంచు కురిసిన పొద్దుటి దాకా గవరయ్య కూడా ఆలోచించలేదు.

ఆ పొద్దున అతను కాగితాల లోడుతో వచ్చి సందు మలుపు తిరిగాడు. రాయి మీద పడ్డ మంచు అంతా జారిపోయింది. కాని తరతరాల బండ్ల ఇరుసులు ఒరుసుకుని రాయి మీద మూడు అడ్డగీతలు పడి ఉన్నాయి. ఆ గీతల్లో మాత్రం మంచు నిలిచిపోయింది. నల్లటి గుండ్రాయి మీద, తెల్లగా, విభూతి పెట్టినట్టు మూడు రేఖలు! పైగా చంద్రుణ్ణి చూసి అతను కట్టిన లెక్క ప్రకారం ఆ రోజు శివరాత్రి. మబ్బుల వల్ల లెక్క రెండు రోజులు అటూ ఇటూ అయిందేమో గాని, భయం మాత్రం సరిగ్గా వేళకు పుట్టింది.

గవరయ్య చేతిలోంచి పగ్గాలు జారిపోయాయి. రోజుకు ఆరుసార్లు, మూడేళ్ళు. బండి చక్రంతో, ఇనప పట్టాతో. ఎవర్ని కొడుతున్నాడో తెలియకుండా కొడుతూనే ఉన్నాడు. అతను బండి దిగి, బూట్లు విప్పేసి, మంచులో వట్టి కాళ్ళతో నిలబడి చెంపలు వాయించుకున్నాడు.

ఇది చూసినది ఆ ఇంటి కాపలామనిషి మదాం లె గోఫ్. ఆమెది బ్రెతాన్యు అనే సముద్రతీరపు సీమ. కాళ్ళకు చెక్కజోళ్ళు, చేతిలో చీపురు, నోట్లో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

"మొస్యూ గావ్రే, పొద్దున్నే చెంపలు వేడి చేసుకుంటున్నారా? లోపల పొయ్యి ఉందిగా!"

"మదాం, ఈయన ఎవరో తెలుసా మీకు?"

"తెలుసు. రాయి."

"ఇన్నాళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను మదాం," అన్నాడు గవరయ్య.

భయం పుట్టినవాడికి పండితుడు కావాలి. ఆ పండితుడు నాలుగు వీధుల అవతలే ఉన్నాడు. పేరి సోమయాజులుగారు రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడి విద్యాలయంలో పెద్ద పట్టా కోసం పరిశోధన చేస్తున్నారు. విషయం, దక్షిణదేశంలో శిలారాధన. అయితే ఆయన రాళ్ళను చూసింది తక్కువ, రాళ్ళ గురించి చదివింది ఎక్కువ. గవరయ్య కబురు చెప్పగానే గొడుగూ కొలతటేపూ పట్టుకుని వచ్చారు. రాయిని నాలుగు పక్కలా కొలిచారు. నాలుగోపక్క గోడ ఉండటంచేత దాన్ని ఊహించుకున్నారు.

"ఎత్తు ముప్పై ఒక్క అంగుళాలు. శిరస్సు వర్తులం. ఉత్తరానికి కించిత్తు వాలు. గవరయ్యా, సందేహం లేదోయ్. స్వయంభువు!"

"ఎవరో పాతారంటారు కదండీ?"

"పాతినవాడు అనుకున్నాడు తాను పాతానని. నీకు ఆ లోతులు తెలియవు."

సోమయాజులుగారు ఆ వారమే తన గ్రంథానికి పద్నాలుగు పేజీల అధ్యాయం ఒకటి జోడించారు. గవరయ్యకు రాయడం రాదు గనక కంచె కట్టాడు. కార్ఖానాలో విరిగిన చెక్కలు ఏరి, రాయి చుట్టూ మూర ఎడంగా దడి నిలిపి, లోపల వయొలెట్ పూలు పెట్టి, పొద్దునా సాయంత్రం చెంబుడు నీళ్ళు పోసేవాడు. ఏ చక్రమూ స్వామిని తాకకూడదు. ఏ బూటూ తాకకూడదు.

ఈ రెండో సంగతి దగ్గరే మదాం లె గోఫ్‌తో పేచీ వచ్చింది. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళంతా లోపలికి వచ్చేముందు బూట్ల బురద ఆ రాయికే గీసుకునేవారు.

"మీ దేవుడొచ్చిన దగ్గర్నుంచి నా మెట్లన్నీ బురదే మొస్యూ గావ్రే! అయిదు అంతస్తులు. ఆయన్నొచ్చి కడగమనండి."

"తప్పు మదాం. అలా అనకూడదు."

"మా సీమలో కూడా పెద్ద పెద్ద రాళ్ళకి దండాలు పెడతారు. మా అమ్మమ్మ పెట్టేది. కాని వాటిని బోనులో పెట్టేది కాదు."

కంచె కట్టాక అసలు చిక్కు మొదలైంది. కమాను మొదలే ఇరుకు. ఎడమవైపు మూర జాగా దడికి పోయింది. కాబట్టి గవరయ్య బండిని కుడివైపుకు ఒత్తి తోలవలసి వచ్చింది. కుడివైపు రాయి లేదు, వట్టి గోడ. మొదటి వారం ఇరుసు కొన గోడను ఒరిసి సున్నం రాల్చింది. రెండో వారం ఒక రాయిని పెళ్ళగించింది. మూడో వారం కమాను నడినెత్తిన వెంట్రుకంత బీట వేసింది. గవరయ్య ఎంత ఒడుపుగా తోలినా బీట వేలంత అయింది. అతను ఏ పక్క చూసినా భయమే. ఎడమన దేవుడు, కుడిన గోడ, మధ్యన కొకోత్ వీపు.

మొస్యూ దెలోర్మ్ మంచివాడే గాని కమాను కూలితే మనుషులు చస్తారు. ఆయన తాపీమేస్త్రీని పిలిపించి చూపించాడు. మేస్త్రీ ఆ బీటలోకి చిటికెనవేలు పెట్టి తీసి, ఇంకొక్క దెబ్బ తగిలితే తన పూచీ లేదన్నాడు. దెలోర్మ్ గవరయ్యను పిలిచాడు.

"గావ్రే, గురువారం మీ దేశపు పండితుడి గ్రంథం కాగితాలు అచ్చాఫీసు నుంచి రావాలి. అవి తీసుకురా. ఆ బండి గోడకి తగలకుండా లోపలికొస్తే సరే. తగిలితే ఇక బండి వద్దు. సామాను వీధిలో దింపించి మనుషుల చేత మోయిస్తాను."

"మరి కొకోత్ సంగతి?"

దెలోర్మ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "పద్దెనిమిదేళ్ళ గుర్రాన్ని బండికి ఎవరూ కొనరు. కొనేది ఎవరో నీకూ తెలుసు."

తెలుసు. సందు చివర గుర్రపు మాంసం అమ్మే కొట్టుంది. దాని గుమ్మం పైన బంగారు రంగు వేసిన గుర్రం తల బొమ్మ ఉంటుంది. ఆ కొట్టు ముందునుంచి వెళ్ళేటప్పుడు గవరయ్య ఎప్పుడూ కొకోత్‌తో ఏదో ఒకటి మాట్లాడుతూ దాని తల అటు తిరగకుండా చూసేవాడు.

అతను పరుగున సోమయాజులుగారి గదికి వెళ్ళాడు.

"బాబుగారూ, గోడకి ఇంకో దెబ్బ తగిల్తే గుర్రాన్ని కసాయోడికిచ్చేత్తారంటండి."

"అయ్యో! జంతుహింస మహాపాపం గవరయ్యా."

"మరి దడి తీసేసి సామికి చక్రం తగిలించమంటారాండి?"

"శివాపచారం! అది అంతకన్నా మహాపాపం."

"రెండూ కాకుండా ఇంకేవైనా ఉందాండి?"

సోమయాజులుగారు బల్ల మీది పుస్తకాలు అటూ ఇటూ తిరగేశారు. "ఉండే ఉంటుంది. ఏదో ఒక గ్రంథంలో ఉంటుంది. సోమవారం దాకా ఆగగలవా? గ్రంథాలయానికి సెలవులు."

"గురువారం రేపేనండి," అన్నాడు గవరయ్య.

గురువారం మధ్యాహ్నం అచ్చాఫీసు ముందు లోడు ఎత్తారు. సోమయాజులుగారి గ్రంథం మూడువందల ప్రతులు, ఆ పద్నాలుగు పేజీలతో సహా. బండి ఎప్పుడూ లేనంత కుంగింది. కట్టలకు తాళ్ళు కట్టేలోగా గవరయ్యకు ఉల్లిపాయల సూపు ఒక గిన్నెడు పెట్టారు. మూడు రోజులుగా తిండి సహించనివాడు ఆ సూపు తాగి, బండి నొగల మీద కూర్చుని, మార్చి నెల ఎండలో కాస్త ఒరిగాడు. కన్నంటుకుంది.

కలలో బండిరాయి అతని ఎదురుగా నిలబడి ఉంది. మెడలో పూలున్నాయి. చుట్టూ దడి ఉంది. గొంతు మాత్రం యానాం రేవులో పడవ సరంగు గొంతులా ఉంది.

"ఏరా గవరయ్యా, నన్ను కొట్టి ఎన్నాళ్ళయింది?"

"తప్పయిపోయింది సామీ! ఇరవై రెండు రోజులయింది. ఇక జన్మలో కొట్టను."

"అదేరా అడుగుతున్నాను. ఎందుకు కొట్టడం లేదు?"

గవరయ్య చెంపలు వేసుకోబోయి ఆగిపోయాడు.

"ఈ కమానును కాచమని నన్నిక్కడ నిలబెట్టారు. మూడువందల ఏళ్ళు దెబ్బలు నేను తిన్నాను, అది తినలేదు. నువ్వు నాకు పూలు పెట్టిన రోజునుంచి అది తింటోంది. నన్ను కూర్చోబెట్టి, నా కళ్ళెదుటే నేను కాచేదాన్ని కొడుతున్నావు. ఇదేం భక్తిరా?"

"తమరు శివుడు కదా సామీ?"

"శివుణ్ణయితే నీ బండికి పగిలిపోతానా? కాకపోతే నీకు భయమెందుకు? ఎటు చూసినా నీ దడికి పనిలేదు. నా పని నన్ను చెయ్యనియ్యి."

గవరయ్య ఉలిక్కిపడి లేచాడు. కొకోత్ వెనక్కి తిరిగి అతని టోపీ నములుతోంది.

ఏడో నంబరు ముందుకు బండి వచ్చేసరికి జనం పోగయ్యారు. మొస్యూ దెలోర్మ్ పై కిటికీలో ఉన్నాడు. అతని పక్కన మేస్త్రీ ఉన్నాడు. సోమయాజులుగారు తన గ్రంథానికి ఎదురేగడానికి గొడుగేసుకుని వచ్చారు. మదాం లె గోఫ్ సందు మధ్యలో చీపురు అడ్డంపెట్టి నిలబడి ఒక టాక్సీని ఆపేసింది. టాక్సీవాడు హారను కొడుతుంటే, "కొట్టుకో! ఇక్కడో గుర్రం ప్రాణం మీదికొచ్చింది," అంది.

గవరయ్య బండి దిగి దడి చెక్కలు ఒక్కొక్కటే పీకి గోడవారన పేర్చాడు. పూలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

సోమయాజులుగారు పరిగెత్తుకొచ్చారు. "ఏం చేస్తున్నావురా! అపచారం!"

"ఆయనే చెయ్యమన్నారండి."

"ఎవరు?"

"ఆయనేనండి. కల్లోకొచ్చారు."

"ఏ భాషలో చెప్పాడు?"

"తెలుగులోనండి. తిట్టేరు కూడా."

సోమయాజులుగారు గొడుగు మూసేశారు. ఇన్ని గ్రంథాలు చదివిన తన కలలోకి రాకుండా, ఏ గ్రంథమూ చదవని బండివాడి కలలోకి స్వామి ఎందుకు వెళ్ళాడో ఆయనకు అర్థం కాలేదు. ఈ పుస్తకం కూర్చినవాడికి కూడా ఆ సంగతి ఇప్పటికీ అర్థం కాలేదు. వాడికి కలలో ఎప్పుడూ పరీక్ష హాలే వస్తుంది.

గవరయ్య రాయి ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. "సామీ, కాసుకో," అన్నాడు. బండెక్కి పగ్గాలు పట్టాడు. కొకోత్‌కు మాత్రం ఏ బెంగా లేదు. మూడేళ్ళు నడిచిన దారి దానికి కొట్టిన పిండి. ఇరవై రెండు రోజులుగా ఈ మనిషి పగ్గాలు కుడివైపుకు ఎందుకు లాగుతున్నాడో దానికే అర్థం కాలేదు. ఇవాళ లాగలేదు. అది తల ఊపి కమానులోకి అడుగుపెట్టింది.

ఎడమ చక్రం రాయికి తగిలింది. ఠక్కుమన్న చప్పుడుకు పావురాళ్ళు లేచాయి. ఇనప పట్టా జానెడు పైకి ఎక్కింది. మూడువందల ప్రతుల బరువుతో కిందికి కుంగిన ఇరుసు కొన రాయిని బరబరా గీసింది. నిప్పురవ్వలు రాలాయి. మరుక్షణం చక్రం జారి దారిలో పడింది. బండి సూటిగా, తాపీగా, కుడిగోడకు అరచేతి వెడల్పు ఎడం వదిలి, పెరట్లోకి వెళ్ళిపోయింది.

మేస్త్రీ దిగివచ్చి కమాను మీది బీటను చూశాడు. ఒక్క రేణువు రాలలేదు. మొస్యూ దెలోర్మ్ కిటికీలోంచి వంగి, "గావ్రే, గుర్రానికి దాణా పెట్టు. రెండింతలు!" అని అరిచాడు.

గవరయ్య బండి వదిలి మళ్ళీ వీధిలోకి వచ్చాడు. రాయి ముందు కూలబడి ఏడుస్తున్నాడు. మదాం లె గోఫ్ దగ్గరికి వచ్చింది.

"ఎందుకేడుస్తున్నారు? గోడ బాగానే ఉందిగా? గుర్రం బాగానే ఉందిగా?"

"ఆయనకి దెబ్బ తగిలింది మదాం."

"తగిలితే? ఒకసారి కళ్ళు తుడుచుకుని ఆయన మొహం చూడండి."

చూశాడు. పాత మూడు గీతల కింద కొత్తగా నాలుగో గీత పడింది. ఉలి ఇప్పుడే తాకిన రాయిలా తెల్లగా మెరుస్తోంది. రాయి కదల్లేదు, ఒరగలేదు. మూడు వారాలు దడిలో పూలమధ్య ఉన్నప్పటికంటే ఇప్పుడే నిండుగా ఉంది. మదాం లె గోఫ్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, ఎడమ చెక్కజోడు బురద ఆ రాయికి శుభ్రంగా గీసుకుని, లోపలికి వెళ్ళింది. గవరయ్య ఈసారి తప్పు అనలేదు.

ఆనాటి నుంచి గవరయ్య పొద్దున్నే స్వామికి నమస్కారం పెట్టి, ఆ తరవాత చక్రం తగిలించేవాడు. బళ్ళు తిరగని ఆదివారం నాడు మాత్రం పూలు పెట్టేవాడు. సోమవారం తెల్లారేసరికి తీసేసేవాడు. కొకోత్ ఇంకా ఆరేళ్ళు బండి లాగి, తన సాలలోనే, తన గడ్డి మీదే, ముసలితనంతో కన్నుమూసింది. సోమయాజులుగారికి పట్టా వచ్చింది. పద్నాలుగు పేజీల అధ్యాయం తీసెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. మూడు గీతలు నాలుగయ్యాయి గనక కొత్త సిద్ధాంతం చెయ్యడానికి ఓపికా లేదు. అట్ట వేసేముందు ప్రతి ప్రతిలోనూ ఆ అధ్యాయం చివర స్వహస్తంతో ఒక వాక్యం చేర్చారు: "ఈ స్వామికి అభిషేకము నీటితో కాదు, చక్రముతో." మూడువందల ప్రతుల్లో రాసేసరికి వేళ్ళు వాచాయట. శివాపచారానికి అదే ప్రాయశ్చిత్తమని ఆయన తృప్తిపడ్డారు.

కాలక్రమాన గుర్రబ్బళ్ళు పోయాయి. పెరట్లో కార్ఖానా పోయింది. ఇప్పుడు అక్కడ ఫోటోకాపీలు తీసేవారి దుకాణం ఉంది, మంచి కుర్రాళ్ళు. చాలా ఏళ్ళు స్వామివారికి ఏ చక్రమూ తగలలేదు. ఆ తరవాత ఒక సెప్టెంబరు నెలలో పామర్రు నుంచి నాగసులోచన అనే అమ్మాయి చదువుకోడానికి వచ్చింది. ఏడో నంబరులో నాలుగో అంతస్తు గది దొరికింది. విమానం దిగి, రైలు దిగి, ఇరవై మూడు కిలోల చక్రాల పెట్టెను రాళ్ళ వీధిలో ఈడ్చుకుంటూ వచ్చి, కమాను దగ్గర తిప్పబోయి రాయికి దభీమని కొట్టింది. అంతకుముందు ఎప్పుడో సోమయాజులుగారి గ్రంథం చదివిన తెలుగు పెద్దమనిషి ఒకాయన అక్కడే రాయికి దండం పెడుతూ నిలబడి ఉన్నాడు.

ఆ అమ్మాయి కంగారుపడి, "అయ్యో, దేవుడి రాయాండి? చూసుకోలేదండీ!" అంది.

"మంచి పని చేశావమ్మా," అన్నాడాయన. "పాపం, ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నారో."

ఇప్పటికీ ఈ క్షేత్రంలో అదే ఆచారం. చెప్పులు విప్పనక్కర్లేదు. కొబ్బరికాయ కొట్టకూడదు, పాలు పొయ్యకూడదు, దడి అసలే కట్టకూడదు. ఈ నగరానికి కొత్తగా వచ్చినవారు తమ పెట్టె ఎడమ చక్రాన్ని స్వామికి ఒకసారి గట్టిగా తగిలించి, "స్వామీ, కాసుకో" అని లోపలికి గాని, తమ దారిన గాని పోవాలి. తగిలించాక వెనక్కి తిరిగి క్షమాపణ అడిగేవారున్నారు. అది అవసరం లేదు.

ఫలశ్రుతి: ఇక్కడికి వచ్చినవారికి దెబ్బలు తగలవని పెద్దలు చెప్పలేదు. తగులుతాయి. గది దొరకదు, కాగితాల ఆఫీసులో వరసలో నిలబడ్డాక కిటికీ మూసేస్తారు, ఆచార్యులు రాసిందంతా మళ్ళీ రాయమంటారు, నవంబరులో నాలుగింటికే చీకటి పడి ఇల్లు గుర్తొస్తుంది. అయితే మొదటి దెబ్బ స్వామి తింటారు. మిగతావి మనల్ని మళ్ళీ దారిలో పెట్టేవే గాని గోడ కూల్చేవి కావని నమ్మకం. నమ్మినవారు చాలామంది పట్టా పుచ్చుకున్నారు. నమ్మనివారు కూడా పుచ్చుకున్నారు. స్వామి ఎవరినీ అడగలేదు.

మరొక్క ఆచారం ఉంది. దీన్ని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చదువు ముగించుకుని ఈ నగరం వదిలి వెళ్ళేవారు చివరిరోజు ఏడో నంబరు ముందుకు వచ్చినప్పుడు పెట్టెను ఈడ్వరు. పుస్తకాలతో అది వచ్చిననాటికి రెట్టింపు బరువుంటుంది. అయినా రెండు చేతులా పైకెత్తి, చక్రం తగలకుండా, స్వామి ముందునుంచి మెల్లగా మోసుకుపోతారు. ఆ ఒక్కరి తరఫున దెబ్బ తినే పని నుంచి ఆయనకు ఇక సెలవని.